పన్నెండో ఎక్కం

రాత్రి తొమ్మిదింటికి
చెరువుల మీద ఏరేటర్లు తిరగడం మొదలెడతాయి.
రొయ్యకి ఊపిరి అందుతుంది,
మా వీధికి అందదు.
ట్యూబులైటు కళ్ళు నులుముకుంటుంది,
ఫ్యాను రెక్కలు లెక్కపెట్టొచ్చు.

ఆ వేళప్పుడే
గుబ్బల వారి ఓణీల ఫంక్షను ఫ్లెక్సీ మీద
పిల్ల జడకి పువ్వులు అతికిస్తున్నాను.
టప్పుమంది.
మాడిన బెల్లం కాదు, మాడిన చేప కాదు,
ఆ వాసనకి మా ఇంట్లో పేరు లేదు.
జడ సగంలో ఆగింది.

తెల్లారి
కంప్యూటర్లోంచి పవర్ సప్లై పీకి, కూరల సంచీలో వేసి
సఖినేటిపల్లి రేవులో పంటెక్కాను.
అవతల నరసాపురం.
లేసుల షాపు మేడ మీద కడలి ధనుంజయుడి కొట్టు.

"ఎన్ని వాట్లండీ?"
"ఐదొందలు. ఇదీ ఐదొందలే."
ఆయన నవ్వలేదు. రెండు డబ్బాలు తెచ్చి
నా రెండు అరచేతుల్లో పెట్టాడు.
"తూచండి. కొబ్బరికాయ తూచకుండా కొంటారా?"
ఒకటి ఎండుకాయ, ఒకటి నీళ్ళకాయ.
"మరి నాదీ బరువేగా!"
"ఆయ్, చూద్దాం" అని స్క్రూలు తిప్పాడు.

లోపల ఎండిన బల్లి, తుప్పురంగులో.
నానిన సెనగల్లా ఉబ్బిన కెపాసిటర్లు.
అడుగున జిగురేసి అంటించిన ఇనప పలక,
ఏ తీగా దాన్ని తాకదు.
ఉత్త బరువు.
నాలుగేళ్ళు మా ఇంట్లో
కరెంటు మోస్తున్నట్టు నటించింది.

చెప్పిన పాఠం అప్పుడే చెడినందుకు
ధనుంజయుడు కాస్త సిగ్గుపడ్డాడు.
"చెయ్యి కూడా మోసపోద్దండి.
పక్కన చిన్నక్షరాలు చదవండి.
పన్నెండు వోల్టుల గడి, దాని కింద ఆంపియర్లు పద్దెనిమిది.
గుణించండి."

ఐదో తరగతిలో చింతబరికె నేర్పిన ఎక్కం.
పన్నెండు పదులు నూట ఇరవై,
పన్నెండెనిమిదులు తొంభై ఆరు,
వెరసి రెండొందల పదహారు.
బొమ్మల కార్డు నూట ఇరవై అడుగుతుంది,
ప్రాసెసరు అరవై ఐదు,
డిస్కులూ ఫ్యాన్లూ కలిపి ముప్పై.
రెండొందల పదిహేను.

మిగిలింది ఒక్క వాటు.
ఆ రాసిందైనా నిజమైతేగా.

నీళ్ళకాయ మీద ముప్పై ఏడు ఆంపియర్లు.
పన్నెండు ముప్పైలు మూడొందల అరవై,
పన్నెండేడులు ఎనభై నాలుగు.
నాలుగొందల నలభై నాలుగు; పైన రాసింది నాలుగొందల యాభై.
"ఐదొందల కన్నా నాలుగొందల యాభై ఎక్కువా?"
"రాసినోణ్ణి బట్టండి."

మూడు వేల రెండొందలు.
ఫ్లెక్సీకి రెండొందల చొప్పున పదహారు ఫ్లెక్సీలు నేను:
శ్రీమంతాలు, దినాలు, కొత్త పడవలు,
ఎవరో కుర్రాడి పుట్టినరోజు, పక్కన పులి.

"రాత్రి వోల్టేజి దిగితే?"
"నూటికి దిగినా నడుస్తాదని రాశాడు. నేను చూళ్ళేదు.
మీ ఇంట్లో ఎర్తుందా?"
మా ఊళ్ళో మూరెడు తవ్వితే నీళ్ళు, అవీ ఉప్పువి.
నేలకి తడి కొరత లేదు,
రాగి పలక పాతే మనిషికే.

తిరుగు పంటులో ఇంకో కారు పట్టే చోటుంది.
సరంగు చెయ్యి అడ్డం పెట్టాడు.
కారాయన అరిచాడు.
"చోటుంటే సరా? ఏరు పోటు మీదుంది" అన్నాడు సరంగు.
నేను ఒళ్ళో డబ్బాని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను.

తొమ్మిదైంది. ఏరేటర్లు.
ట్యూబులైటు కళ్ళు నులుముకుంది.
బల్ల కింద కొత్త ఫ్యాను మాత్రం
తన మానాన తను సన్నగా ఊదుకుంటోంది.
నిన్న సేవ్ చెయ్యలేదు కదా,
జడ మళ్ళీ మొదట్నించీ అల్లాను.

ఇనప పలక పారెయ్యలేదు.
ఫ్లెక్సీ చుట్ట పరిచినప్పుడు
మూల ఎగరకుండా పెడుతున్నాను.
ఇన్నాళ్ళకి దానికో పని.