నీళ్లేవి

పోయిన పుష్యంలో గుర్రాలకుంట గట్టు మీద
నల్లగీతల బాతుల్ని లెక్కపెట్టాడు నరహరి,
మెడలో దుర్బీను, ఒళ్లో పాత డైరీ.
ముప్పై ఏడు.
"అంతకు ముందేడు నూటికి పైనే," అన్నాడు.
ఛాయ్ చల్లారేదాకా మళ్లీ నోరు విప్పలేదు.

ముప్పై ఏడూ చేద్దామనుకున్నాను.
మట్టి కొనలేదు.
కుంట శిఖం పూడ్చి టవర్లకు పునాది తవ్వుతున్న చోట
లారీకెత్తే ముందు నాలుగు తట్టలు అడిగి తెచ్చుకున్నా.
మిగతాదంతా ఇటుక బట్టీకి పోయింది.
పిసుకుతుంటే వేళ్లకు నత్తగుల్లలు,
తామర దుంప ముక్క,
ఒక పౌడరు డబ్బా మూత.

బట్టీలో బొలాంగీర్ వాళ్లు.
బాతులు దిగే వారమే దిగుతారు
లింగంపల్లి స్టేషన్లో, గిన్నెలూ పిల్లలూ మూటలతో.
తొలకరికి ముందే లేచిపోతారు.
మేస్త్రీ దగ్గరా ఒక డైరీ ఉంది,
అందులో తలలుండవు,
వేల లెక్కన ఇటుకలు.

ఝునూకి తొమ్మిదేళ్లు. మధ్యాహ్నాలు నా షెడ్డులో నీడకొస్తుంది.
బొమ్మ లోపల బోలుగా ఉండాలనీ
పొట్ట కింద పుల్ల పట్టేంత బెజ్జం ఉంచాలనీ
లేకుంటే లోపలి గాలి ఆవంలో
బొమ్మని పగలగొట్టుకుని పోతుందనీ చెప్పాను.
ఆ రోజు తను
ఒక్కో బెజ్జంలో ఒక్కో బియ్యపు గింజ జారవిడిచింది.
దూరం కదా, తోవలో ఆకలి.
కాలిపోతుందని నేను చెప్పలేదు.

మూడోనాడు తలుపు తీస్తే
పదకొండు పగిలాయి.
ఇరవై ఆరింటిని షెడ్డు నేల మీద పరిచాను.
ఊరికి పోయే ముందు రోజు వచ్చి చూసింది ఝునూ,
కూర్చుని, వంగి, చెంప నేలకానించి.
"కాళ్లేవి?"
"నీళ్లలో ఉన్నాయి."
"నీళ్లేవి?"

ఇప్పుడవి బంజారాహిల్స్ గ్యాలరీలో ఉన్నాయి,
అద్దంలాంటి సిమెంటు మీద, ఏసీ చలిలో.
జోడీగా ఇస్తారా అని అడిగిందొకావిడ,
షూ రాక్ మీదికి సరిపోతాయట.
నరహరి వచ్చాడు. అలవాటుగా వేలు గాల్లో ఆడిస్తూ
ఇరవై ఆరు దాకా వెళ్లి ఆగాడు,
డైరీ తీయలేదు.

నిన్న మొదటి వాన.
రాత్రి గ్యాలరీ కుర్రాడు ఫోన్ చేశాడు:
"మేడం, ఇంకో బాతుకి రెక్క మీద పెచ్చు లేచింది.
లోపల తెల్లగా ఏదో, సున్నంలాగా, గుల్లలాగా.
కింద పొడి రాలింది.
ఊడ్చెయ్యమంటారా?"