తెల్ల గీత అవతల

హైవే మీద సైకిల్ వద్దన్నది రూలు.
తప్పని నేననను.
నలభై టన్నుల సిమెంటు వెనకుంటే
బ్రేకు తొక్కుడంటే దరఖాస్తు పెట్టుకున్నట్టే,
ఎప్పుడు మంజూరైతదో తెల్వదు.

రాత్రి మూడున్నర. సోహార్ దాటినంక పొగమంచు.
తెల్ల గీత అవతల ఒక ఎర్ర చుక్క.
ఎవడో పారేసిన సిగరెట్టు అనుకున్న.
హారన్ కొట్టిన. చుక్క ఊగింది.
అద్దంల చూస్తే లేదు.

బండి ఆపి వెనక్కి నడిచిన.
నడుసుకుంట లెక్కవెట్టిన:
లైసెన్సు, జైలు, రక్తం పైసలు,
వీసాకు మిగిలిన నెలలు.
మనిషి సంగతి ఆఖర్న యాదికొచ్చింది.

ఇసుకల కూసొని చైను ఎక్కిస్తున్నడు.
"చోట్ లగా క్యా భాయ్?" అంటే
"గట్ల కొడ్తరా హారను, నీ చేతులిరగ!"
తెలుగుల తిట్టిండు.

లింబాద్రి. మోర్తాడ్ దిక్కు.
చేపల మార్కెట్ల బరఫు కొట్టే పని.
నాలుగున్నరకు వేలం, క్యాంపు బస్సు ఆరింటికి.
"లోపలి తొవ్వ లేదా?"
"ఉన్నది, ఫోన్ల.
నడుమ వాగు కోసేసింది. కుక్కలు."

ట్రెయిలర్‌కు అంటించే మెరుపు టేపు
చుట్ట సగమున్నది నా దగ్గర.
మడ్‌గార్డుకు, పెడళ్లకు,
చొక్కా వీపు మీద కంపెనీ పేరున్న కాడ
అడ్డంగ ఒక పట్టీ.
"పాడెకు కట్టినట్టు కడ్తున్నవేందన్నా" అని నవ్విండు.
నేను నవ్వలే.

రూలు మంచిదే. ఇప్పటికీ అంటున్న.
కానీ ఆ మలుపు కాడికి రాంగనే
హారన్ మీది చెయ్యి దానంతటదే లేస్తది.
మెరుపు కనవడకుంటే
ఇయ్యాల సెలవు దినమా అని
స్టీరింగు మీద వేళ్లు ముడుచుకుంట
వారం లెక్కవెడ్త.