క్విక్

నర్సరీ బండి దించిపోయిన కట్టకి
పురికొసతో వేలాడుతున్న చీటీ:
క్విక్, రెండు వందలు.

కెజాయా నవ్వింది. అంత త్వరగా ఏం పెరుగుతాయట ఇవి?
పెన్సిల్ లావు ముళ్ల పుల్లలు. ఆకు లేదు, మొగ్గ లేదు.
వేళ్లకి లెస్టర్‌షైర్ బంకమట్టి.

ఆల్బన్ త్రోస్బీ నవ్వలేదు.
త్వరా గిరా కాదమ్మాయ్, ప్రాణమున్నదని అర్థం.
చచ్చిన కర్రలతో కట్టేది దడి,
ఇది బతికున్న కంచె.
పుట్టినప్పుడు ఆ మాటకి పరుగు తెలీదు, ఊపిరొక్కటే తెలుసు.
ఊపిరున్నది కదులుతుంది, కదిలేది ఉరుకుతుంది,
ఉరికి ఉరికి మాట
తన ఇంటిదారి మరిచిపోయింది.

అని, ముసలి హాథార్న్ మొదట్లో వాలుగా ఒక్క వేటు.
ముప్పాతిక మించి తెగింది.
బెరడూ, దాని వెనక నాలుక మందం చెక్కా మిగిలాయి, అంతే.
నిద్రలో ఉన్న పిల్లని ఒత్తిగిలించినట్టు
దాన్ని వంచి పడుకోబెట్టాడు.
చావదా?
ఏప్రిల్లో వచ్చి దాన్నే అడుగు.

చర్చిలో అప్పజెప్పిన ముక్క గుర్తొచ్చింది ఆమెకి:
క్విక్ వాళ్లకీ చచ్చిన వాళ్లకీ తీర్పు.
ఏడేళ్లప్పుడు అదేదో పరుగుపందెం అనుకుంది.
ప్రతి ఆదివారం సమాధుల మధ్యనుంచి గేటుదాకా ఒకటే ఉరుకు,
ఒక బూటు జారిపోయినా ఆగకుండా.

మూడింటికి, గ్లోవు చీల్చుకుని
గోటి కింద దిగింది ముల్లు.
చురుక్కుమంది.
అక్కడి లేత మాంసానికీ వాళ్లది ఆ మాటే.
మనమూ అంతేగా,
చురుకు అని ఉరుకునీ మంటనీ ఒకే గూట్లో పెట్టుకున్నాం.

వేలు నోట్లో పెట్టుకుని వ్యాన్ మెట్టు మీద కూర్చుంది.
నాలుగున్నర నెలలు.
ఇంతవరకూ స్కాన్ కాగితమే సాక్ష్యం.
అప్పుడు, బెల్టు కింద ఎక్కడో,
చేపపిల్ల ఒకటి గాజుకి తగిలి తిరిగి వెళ్లినట్టు.
ఒక్కసారే.

ఆ మొదటి కదలిక్కీ పాత మంత్రసానులు వాడింది ఈ మాటే.
ఆమెకి ఆ మాట తెలీదు.
త్రోస్బీకి మాట తెలుసు, సంగతి తెలీదు.

ఇంకా నూట ముప్పై నాటాలి, వెలుగు పోతోంది.
గట్టు అవతలనుంచి కేకేశాడు:
క్విక్!

ఆమె నెమ్మదిగా లేచింది.