పరదేశమ్మ కారు

తెడ్డు పరదేశమ్మకి కారుంది.
నా స్క్రీన్ మీద ఉంది.
తెల్లది, డీజిలుది,
మూడేళ్ళ కిందట మాధవధారలో రిజిస్టరైంది.

"కారంటేటి బాబూ," అంది
సచివాలయం మెట్ల మీద ఖాళీ గంప బోర్లించి.
"మా సందులోకి ఆటోయే రాదు.
కారెలాగొచ్చీసింది?"

ఎలా వచ్చిందో నాకు తెలుసు.
ఎవరో, ఎక్కడో,
పన్నెండంకెల వరసలో ఒక తొమ్మిదిని ఆరని కొట్టారు.
అంతే.
పెదజాలారిపేటలో బియ్యం ఆగాయి, పింఛను ఆగింది.
కొనని కారొకటి వచ్చి
గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

దాన్ని తీసెయ్యడానికి నా లాగిన్‌లో మీట లేదు.
చూడ్డానికి ఉంది. ప్రింటు తియ్యడానికి ఉంది.
ఆవిడ వయసు, కులం, కరెంటు బిల్లు,
తుపాన్లో పోయిన మొగుడి పేరు
ఆవిడ నోరు విప్పకముందే నాకు చదివి వినిపించే యంత్రం
ఆవిడ చెప్పే ఒక్క మాట రాసుకోదు.

ఆర్టీవో ఆఫీసులో, ఆధార్ సెంటర్‌కెళ్ళమన్నారు.
ఆధార్ సెంటర్‌లో, నీ కార్డులో తప్పేం లేదు పొమ్మన్నారు.
సోమవారం కలెక్టరాఫీసులో
మూడు గంటలు నిలబెట్టి రసీదిచ్చారు.
రసీదులో పేరు పరదేసమ్మ.
దాన్ని దిద్దాలంటే అది వేరే అర్జీ.

వేలు పెట్టమన్నాను. మళ్ళీ పెట్టమన్నాను.
తుడుచుకుని పెట్టమన్నాను.
యంత్రం ఎర్రగా మెరిసింది.
నలభై ఏళ్ళు కానాగంతల పొలుసు గీకిన వేళ్ళు,
ఉప్పూ ఐసూ కత్తిపీటా కలిసి గీతలన్నీ ఎప్పుడో తినేశాయి.
"ఈ యేలు నాది కాదంట,
ఆ కారు నాదంట," అని నవ్వింది.

నేను నవ్వలేదు.
ఈ ఉద్యోగానికి ముందు డాబాగార్డెన్స్‌లో
ఒక మేడ మీద, కంట్రాక్టరు దగ్గర
ఫారానికి రూపాయిన్నర చొప్పున కొట్టేవాణ్ణి.
మధ్యాహ్నం భోంచేశాక రెప్పలు వాలేవి,
వేళ్ళు వాటంతటవే నడిచేవి.
ఆ ఆరు నాదే కావచ్చు.
నా వేళ్ళ మీద గీతలు శుభ్రంగా ఉన్నాయి,
పొద్దున్నే హాజరు మొదటిసారికే పడుతుంది.

చెయ్యగలిగింది ఒకటే చేశాను.
కారు నెంబరు చివరి నాలుగంకెలు
ఆవిడ అరచేతిలో బాల్‌పెన్నుతో రాశాను.
చదువు రాదు, ఆకారాలు పట్టుకుంది.
రెండు బోర్లించిన కుర్చీలు, ఒక గెడ, ఒక కొక్కెం.

ఆదివారం హార్బర్ గేటు దగ్గర
వంజరం కోసం కార్లు బారులు తీరతాయి.
అద్దం దిగుతుంది, బేరం మొదలవుతుంది.
పరదేశమ్మ తక్కెడ పక్కన పెట్టి
కారు ముందుకెళ్ళి వంగి చూస్తుంది,
మొప్ప ఎత్తి చేప తాజాదో కాదో చూసినట్టు.
తరవాతే తూకం.

"దొరికితే ఏం చేస్తావు?" అడిగాను.
"ఏటి సేత్తాను.
ఓపాలి ఎక్కించుకోమంతాను.
జగదాంబ దాకా."

నిన్న నా బల్ల ముందే ఆవిడ ఫోన్ మోగింది.
స్పీకర్ నొక్కి ఇచ్చాను.
"పరదేశమ్మ గారేనా అండీ?"
శ ఎంత చక్కగా పలికాడో.
వీధి తెలుసు, పుట్టిన ఏడు తెలుసు,
కారు ఇన్సూరెన్సు ఈ నెలాఖరుకి అయిపోతుందని తెలుసు.
కలెక్టరాఫీసుకి తెలియనిదంతా
ఆ కుర్రాడికి తెలుసు.

ఆవిడ ఫోన్‌ని రెండు చేతుల్తో పట్టుకుంది.
ఇన్నాళ్ళకి తన మనిషి దొరికినట్టు
గొంతు తగ్గించి అడిగింది:
"బాబూ, నీకన్నీ తెలుసున్నట్టున్నాయి గానీ,
మా కారు ఇప్పుడు ఏడుందో
కాస్త సూసి సెప్తావేటి?"

అటువైపు
కీబోర్డు చప్పుడు ఆగింది.