మూడడుగుల ఖాళీ

హొరమావులో మాది ముప్పై నలభై సైటు.
ఇల్లు లేవగా మిగిలింది
తూర్పు గోడకీ కాంపౌండుకీ నడుమ
మూడడుగుల సెట్‌బ్యాక్.
ప్లాన్ పాస్ చేసినవాళ్ళ లెక్కలో అది గాలికి.
నా లెక్కలో పొయ్యికి.

పగలంతా నేను గీసేవి పైవాళ్ళ తోటలు.
విల్లాల ముందు మెక్సికన్ గడ్డి,
పిట్ట వాలని పామ్ చెట్లు,
రోజుకి రెండు ట్యాంకర్లు తాగి
ఒక్క పూట కూరకి రాని పచ్చదనం.
అక్కడ మునిరత్నమ్మ కలుపు తీస్తుంది.
తీసింది పారేయదు,
కొంగున మూటగడుతుంది.
ఏమిటని అడిగితే
"సొప్పు కణమ్మా, హొనగొన్నె" అంది.
విప్పి చూశాను.
మా అమ్మ వేళ్ళ మధ్య ఎన్నిసార్లు తెగిన పొన్నగంటి!
రెండు భాషలు పేరు పెట్టి పిలుచుకున్న ఆకుని
డ్రాయింగులో కలుపు అని రాసింది
నేనే.

ఆ రాత్రి వంటింటి గట్టు మీద ట్రేసింగ్ పేపర్ పరిచాను.
మొదట నీళ్ళ దారి గీశాను
(మా బోరు దగ్గడం మానేసి నాలుగేళ్ళు).
వాషింగ్ మెషీన్ పైపు నోటి దగ్గర అరటి,
దాని కాళ్ళ దగ్గర చేమ,
మూలన, ఏటా ఛాతీ ఎత్తుకి నరికేట్టు మునగ,
గ్రిల్లు మీదికి అనప తీగ.
మిరప దగ్గర పెన్సిలు ఆగింది.
అది ఓడ దిగి వచ్చిన పిల్ల కదా,
ఈ మట్టిదేనా?
మదనపల్లె నించి వచ్చి పదకొండేళ్ళయిన నేను
ఇంకొకరి ఊరు అడగడమేమిటని
రెండు మొక్కలు వేశాను.

అనప పాకింది. గ్రిల్లంతా ఆకే.
పూత కోసం చూస్తుంటే
పక్క సైటులోకి జేసీబీ వచ్చింది.
ఎనిమిది నెలలు, నాలుగంతస్తులు,
ఆడపిల్లల పీజీ.
మా ఎండకి టైమ్‌టేబుల్ పడింది:
పదకొండున్నర నించి పన్నెండుంబావు.

ఒక ఆదివారం సుద్దముక్క పట్టుకుని
గంటగంటకీ నీడ అంచున గీత గీస్తూ కూర్చున్నాను,
చనిపోయినవాళ్ళ చుట్టూ పోలీసులు గీసినట్టు.
తడిగుడ్డలో ఏదో చుట్టుకుని మునిరత్నమ్మ వచ్చింది.
గీతలు చూసింది, నన్ను చూసింది.
"ఎండ లేకుంటే ఏమాయెనమ్మా?
మా ఇంటెనక ఎండ ఏనాడుండె?
పసుపు ఊరలేదా?"

తెలుగు!
ముళబాగిలు తెలుగు,
మా తెలుగుకి పొలం గట్టు అవతలిది.
మూడేళ్ళు ఒకే తోటలో వంగి పనిచేశాం,
ఆమెకి నేను ఆ వాకిలి తీయనే లేదు.

గుడ్డలోంచి పసుపు కొమ్ములు,
కన్ను తెరిచినవి.
వాటి వెంట అల్లం, తమలపాకు, నల్లేరు.
పైపు కింద తడిలో సరస్వతాకు
ఎవరూ పిలవకుండా వచ్చి కూర్చుంది.
మునగ మాత్రం ఇంకా అలిగే ఉంది,
మెడ సాచి రోడ్డు వైపే చూస్తుంది.

ఇప్పుడు పీజీ రెండో అంతస్తు నించి
తాడు కట్టిన సంచి దిగుతుంది:
టీ పొడి, ఉల్లిపొట్టు, ఒకసారి ఎవరిదో చెవిపోగు.
బచ్చలితోనో కరివేపాకుతోనో ఎక్కుతుంది.
ఎండ తినేసిన ఇంటితో
ఇంతకన్నా రాజీ నాకు తెలియదు.

మొన్న కొత్త విల్లా క్లయింటు
డ్రెయిన్ పక్కన నలభై మొక్కల పట్టీ మీద వేలు పెట్టి
"ఈ ఆర్నమెంటల్ ఏమిటి?" అన్నాడు.
ఆల్టర్నాంథెరా సెస్సిలిస్ అన్నాను.
లాటిన్ వినగానే సంతకం పెట్టాడు.

మునిరత్నమ్మ అక్కడ కోతకి వచ్చేది
గురువారాలు.