నలభై చుట్లు

పొద్దున్న లేచేసరికి నోట్లో ఇనుప రుచి.
నాలుక అంచు తెగి ఉంది.
వాలుగ చేప దవడతో దూది ఏకే చేతులు నావి,
పళ్ళు ఏం చేయగలవో నాకు తెలుసు.
కానీ ఈ పళ్ళు నావే,
ఈ పని ఎప్పుడు చేశాయో తెలీదు.

భుజాలు రాళ్ళు మోసినట్టు.
చాప తడి.
ముప్పై రెండేళ్ళదాన్ని, ఎవరూ లేవకముందే
బోరింగు దగ్గర ఆ చాప కడిగి
ఎండ పడని గోడకి ఆరేశాను.

ఆయనకి రాజాం జూట్ మిల్లులో రాత్రి డ్యూటీ.
"నేనెప్పుడూ చూళ్ళేదు" అన్నాడు.
నిజమే. నేనూ చూళ్ళేదు.
నా ఒంటి మీద జరిగినదానికి
నేనే లేను.

చూసింది అత్త.
మొదట గాలి సోకిందనుకుంది.
తలగడ కింద కత్తి పెట్టింది, నిమ్మకాయ దిగదుడిచింది,
గుప్పిట్లో తాళాలు కుక్కింది,
ఒకసారి పళ్ళ మధ్య గరిట కూడా.
నా ముందు పన్ను ఎలా చిట్లిందో
నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు,
శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో
డాక్టరమ్మ అడిగేదాకా.

"ఎంతసేపు ఉంటుంది?"

మా ఇంట్లో గడియారం ఆగి మూడేళ్ళు.
అత్త కుడిచెయ్యి గాల్లోకి లేపి
లేని రాట్నం తిప్పడం మొదలెట్టింది.
"ముందల ఓ కేక. మెడ ఇటేపు తిరిగిపోద్ది,
ఎప్పుడూ ఎడమేపే.
బిగిసిపోద్ది. అప్పుడు కొట్టుకుంటాది, ఇలాగ, ఇలాగ...
నలబై సుట్లు డాటరమ్మా.
తెల్లారగట్ల రైలు ఎల్లినాక వస్తాది."

డాక్టరమ్మ తన చేతి గడియారం చూసుకుంటూ
మళ్ళీ తిప్పమంది. తిప్పింది.
నిమిషం మీద ఇరవై సెకన్లు.
"ఎడమ" కింద రెండు గీతలు గీసి
"సగం పరీక్ష మీ అత్తగారే చేసేశారు" అంది.
గున్నమ్మ కొంగు సర్దుకుంది,
ఎవరో మజూరీ పెంచినట్టు.

మొదటి తీగల పరీక్షలో ఏమీ దొరకలేదు.
మెలకువలో నా మెదడు మహా మర్యాదస్తురాలు.
రెండోదానికి రాత్రంతా నిద్ర పోకుండా రమ్మన్నారు.
పొందూరులో ఆ రాత్రి ఇద్దరం వడికాం,
కునుకు పడితే ఒకరి మోకాలు ఒకరు గిల్లుకుంటూ.
మొదటి బస్సులో, చిలకపాలెం దగ్గర
నా తల వాలిపోతుంటే
చచ్చిపోయిన మావయ్య గురించి
కోడలికి చెప్పకూడనివన్నీ చెప్పి నవ్వించింది.

జుట్టంతా జిగురు, పాయపాయకీ తీగ.
"ఇప్పుడు పడుకో" అన్నారు.

తర్వాత చూపించారు:
నూరో నంబరు నూలంత సన్నంగా
పక్కపక్కనే పోతున్న పోగులు,
ఒక్క చోట చిక్కు.
"ఇక్కడ" అంది డాక్టరమ్మ.
అత్త వంగి చూసి
"ఇంతేనా" అంది.

పొద్దున్న ఒకటి, రాత్రి ఒకటి.
బాగుంది కదా అని మానెయ్యకు.
పిల్లల్ని కనాలనుకుంటే ముందే చెప్పు, మందు చూసుకోవాలి.
నిద్ర చాలించుకో.
అత్తకేమో: తాళాలొద్దు, గరిటొద్దు, అదిమి పట్టొద్దు.
కత్తి అసలే వద్దు.
పక్కకి తిప్పు, లెక్కపెట్టు,
అయిదు నిమిషాలు దాటితే నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యి.
"అయిదు నిమిసాలంటే ఎన్ని సుట్లు?"
ఇద్దరూ కూర్చుని కట్టారు లెక్క. నూట యాభై.

ఆమదాలవలస పెళ్ళికి మాత్రల డబ్బీ మర్చిపోయాను.
మూడో రాత్రి, ఇరవై ఆరు చుట్లు,
పెళ్ళివారి చాప మీద.
ఈసారి దాన్ని నడివాకిట్లో ఆరేశాను.
ఎండ బాగా కాసింది.

ఆ తర్వాత ఎనిమిది నెలలు, ఏమీ లేదు.
నిన్న రాత్రి ఊరికే మెలకువ వచ్చింది.
రైలు అప్పుడే వెళ్ళినట్టుంది, రేకులు ఇంకా అదురుతున్నాయి.
పక్కన అత్త, నోరు తెరుచుకుని, గాఢంగా.
కుడిచెయ్యి చాప మీద
గుండ్రంగా తిరుగుతోంది.
నా గుండె ఒక్కసారి జారిపోయింది.
లేచి కూర్చుని లెక్కపెట్టాను.
ఏడు.
అప్పుడా చెయ్యి నిద్రలోనే నన్ను తడిమి,
పక్కకి తిరిగి పడుకున్నానో లేదో అని కాబోలు,
మళ్ళీ తడిమి,
ఊరుకుంది.