ఎవరూ కూర్చోని ముక్క

హాలిఫాక్స్‌లో బస్సు సీట్ల బట్టకు
డిజైన్లు గీసేవాణ్ణి నేను.
చేరిన రోజున మిల్లు మేనేజరు చెప్పిన మొదటి పాఠం:
అందం సంగతి తర్వాత, ముందు మురికి కనపడకూడదు.
అందుకే నీలం మీద ఇటుకరంగు మెట్లు,
మెట్ల మీద ఆవగింజంత పసుపు చుక్కలు.
టీ ఒలికినా, బురద బూటు ఆనినా,
పసివాడు కక్కినా
డిజైన్‌లో కలిసిపోవాలి.
మరకకు మారువేషం కట్టడం నా వృత్తి.
జీతం బాగానే ఇచ్చారు.

ఎనిడ్ సట్‌క్లిఫ్ డిపోలో ఆ సీట్లు
విప్పి కుట్టిన మనిషి. ఇరవై ఆరేళ్లు.
పోయిన నెల ఉత్తరం రాసింది:
"నీ బట్టతో బొంత కుడుతున్నాను. చూసిపో."

మూతపడ్డ చర్చి పైగది.
దూలం నించి నేలదాకా వేలాడుతోంది బొంత,
ఇద్దరు మోస్తే గాని కదలని బరువు.
అంత మందం నూగుబట్టలోకి
తిన్నటి సూది దిగదట.
వంకర సూది, బొటనవేలికి తోలుముక్క,
దారానికి మైనం.

కిటికీలో బిస్కట్ల డబ్బా ఒకటి.
సూది కోసం సోదికెళ్లినట్టే ఉండేదంది
సీటు విప్పిన ప్రతిసారీ.
ఒంటి చెవిపోగు,
గీకని లాటరీ టికెట్టు,
కాగితంలో చుట్టిన పాలపన్ను.
"ఆ పన్ను కోసం ఎవరో ఇల్లంతా వెతికుంటారు,"
అని మూత పెట్టేసింది.

ప్రతి ముక్క వెనకా సుద్దతో రూటు నంబరు.
"ఇది పై అంతస్తు చివరి వరుస. చూడు, సిగరెట్ కన్నం.
ఇది బడిపిల్లలది, పెన్సిల్‌తో పొడిచి పొడిచి.
ఇది ఆస్పత్రి బస్సు."
ఆ ముక్క నడుమ బాగానే ఉంది,
అంచు మాత్రం దారాలు తేలి, బోడిగా.
"అక్కడికెళ్లేవాళ్లు
వెనక్కి ఆనుకుని కూర్చోరయ్యా,"
అంది.

నేను దాచినవన్నీ
ఆమె నడిబొంతలో పరిచింది.
బాగా అరిగినవే ముందుకు.
ఒకచోట, కుట్టు మడత విప్పిన మేర
వేలెడు వెడల్పున నీలం.
ఎండ తగలని, ఒళ్లు తగలని నీలం.
నేను రంగు కలిపిన నాటి నీలం అదే.
వీధిలో ఎవరో నన్ను
చిన్ననాటి ముద్దుపేరుతో పిలిచినట్టయింది.
ముక్కు చీదుకుని, దుమ్ము అన్నాను.
ఆమె ఔనంది.

కింద కుడిమూలన అరచేయంత ఖాళీ.
దానికోసమే పిలిచిందనుకున్నాను.
సంచిలోంచి తీశాను నా నమూనా ముక్క:
మగ్గం మీంచి దిగిన మొట్టమొదటిది,
ఇన్నేళ్లూ సొరుగులో, టిష్యూ కాగితం మడతలో.
గర్వంగానే ఇచ్చాను, అబద్ధమెందుకు.

ఆమె నూగుకు ఎదురు రాసింది బొటనవేలితో,
వెలుగులో పట్టి చూసింది,
మడిచి నా చేతిలో పెట్టేసింది.
"బాగుంది. కానీ దీనిమీద
ఎవరూ కూర్చోలేదు కదా."
టీ పోసింది. చక్కెర వేయడం మర్చిపోయింది.
నేనూ అడగలేదు.

తిరుగు బస్సులో ఇప్పుడు వేరే బట్ట,
బూడిదరంగు ఆకులు, ఎవరో కుర్రడిజైనర్ పని.
తప్పు వెతికాను, దొరకలేదు.
అటూ ఇటూ చూసి
నా ముక్క సీటు మీద పరిచి
కూర్చున్నాను,
గుడ్డు మీద కోడిలా.

వాన. మూడో స్టాపులో ఎక్కాడొకడు,
భుజాన ఫుట్‌బాల్ సంచి, ఒళ్లంతా నీళ్లు.
"ఖాళీయేనా?"
కిటికీ వైపు జరిగాను.
ముక్క కొస వాడి వైపుకు లాగాను.
వాడు చూడనైనా చూడకుండా కూలబడ్డాడు.

తడి మెల్లగా పాకింది
ఒక్కో ఇటుక మెట్టూ ఎక్కుతూ.
పసుపు చుక్కలు దాన్ని దాచాలని చూశాయి పాపం,
నేను నేర్పిన పనే కదా.

నా స్టాపు వచ్చింది.
వాడింకా దిగలేదు.
నేనూ లేవలేదు.